పిల్లవాడి సబ్ర్‌ను ఒక లడ్డూతో కొలవగలమా?

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 6వ ఆయత్ మనలో చాలామందికి తెలిసినదే. నమ్మదగని వాడు ఏదైనా వార్త తెస్తే దాన్ని విచారించి నిర్ధారించుకోవాలనీ, లేకపోతే తెలియనితనంతో ఒకరికి హాని చేసి, తర్వాత చేసినదానికి చింతించవలసి వస్తుందనీ అల్లాహ్ అందులో విశ్వాసులను హెచ్చరించాడు. ఈ ఆజ్ఞను మనం సాధారణంగా వాడకట్టు తగాదాలకు, పెళ్ళి సంబంధాల సమయంలో వినవచ్చే చాడీలకు, సెల్‌ఫోన్లలో తిరిగే పుకార్లకు వర్తింపజేస్తాం. మంచిదే. కాని "శాస్త్రజ్ఞులు నిరూపించారు" అంటూ ఒక వార్త వచ్చినప్పుడు మాత్రం మన విచారణ ఎందుకో ఆగిపోతుంది. అందులోనూ ఆ వార్త మనిషి మనసు గురించో, పిల్లల స్వభావం గురించో అయితే, విన్నరోజే ఇంట్లో ఎవరో ఒకరి మీద దాన్ని ప్రయోగించి చూస్తాం.

ఇది ఇతరులను ఉద్దేశించి రాస్తున్న మాట కాదు. ఈ తప్పు చేసినవాణ్ణి నేనే.

కొన్నేళ్ళ క్రితం స్త్రీల కోసం ఏర్పాటైన ఒక దర్స్‌లో సబ్ర్ గురించి మాట్లాడాను. ఆయతులు, హదీసులు చెప్పిన తర్వాత, నేటి తరానికి నచ్చుతుందని ఒక ప్రయోగాన్ని కూడా ప్రస్తావించాను. అమెరికాలో నాలుగేళ్ళ పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టారనీ, కాసేపు ఆగితే రెండు ఇస్తామన్నారనీ, ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులోనూ జీవితంలోనూ రాణించారనీ, ఆగలేనివారు వెనుకబడ్డారనీ చెప్పాను. ఒక ఉర్దూ మాసపత్రికలో చదివిన విషయం అది. అంతకు మించి దాని గురించి నాకేమీ తెలియదు.

తర్వాతి వారం పరదా వెనుక నుంచి ఒక చీటీ వచ్చింది. ఆ తల్లి ఇంటికి వెళ్ళి తన ఇద్దరు పిల్లల ముందు చెరొక లడ్డూ పెట్టింది. ఏడేళ్ళ అమ్మాయి ఆగింది. అయిదేళ్ళ అబ్బాయి, తల్లి వంటింటి గడప దాటకముందే లడ్డూ తినేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో వాడికి "బేసబ్రా" అని పేరు పడింది. వాడి భవిష్యత్తు ఏమవుతుందోనని ఆమెకు నిద్ర పట్టడం లేదట.

చీటీ చదివి నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. ఆమె పరదా వెనుక నుంచే అడిగింది: "మౌలానా సాబ్, ఇది హదీసా?"

"కాదమ్మా, శాస్త్రజ్ఞుల మాట."

"ఏ శాస్త్రజ్ఞులండీ? ఎంతమంది పిల్లల్ని చూశారు? మా వాడిలాంటి వాళ్ళని కూడా చూశారా?"

నా దగ్గర జవాబు లేదు. ఏళ్ళ తరబడి మదరసాలో కూర్చుని, ఈ హదీసు ఎవరు ఎవరి నుంచి విన్నారు, మధ్యలో ఎవరైనా జారిపోయారా, ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తి ఎలాంటిది అని చదివినవాణ్ణి. ఆ రోజు నేను చెప్పిన మాటకు మాత్రం సనద్ చెప్పలేకపోయాను. విన్నదల్లా ఇతరులకు చెప్పేయడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునన్న దైవప్రవక్త (స) ప్రవచనాన్ని ఇమామ్ ముస్లిం (రహ్మలై) తన గ్రంథపు పీఠికలోనే పొందుపరిచారు. ఆ పీఠికను నేను ఉస్తాద్ ముందు కూర్చుని చదివాను.

అసలు జరిగిందేమిటి?

ఆ తర్వాత ఈ విషయాన్ని శ్రద్ధగా చదివాను. ప్రయోగం చేసినాయన పేరు వాల్టర్ మిషెల్. 1930లో వియన్నాలో పుట్టారు. నాజీల దౌర్జన్యానికి భయపడి ఆయన కుటుంబం 1938లో దేశం విడిచి అమెరికా చేరింది. 1960వ దశకం చివర, 70ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో ఆయన, ఆయన విద్యార్థులు ఈ పరీక్షలు జరిపారు. పిల్లవాణ్ణి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టేవారు. మార్ష్‌మెలో అనే మెత్తని మిఠాయో, బిస్కట్టో, వాడికి ఇష్టమైనదేదో ముందుంచేవారు. "నేను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు ఇస్తాను, ఆగలేకపోతే గంట కొట్టు, వెంటనే వస్తాను, కాని ఒక్కటే దొరుకుతుంది" అని చెప్పి పెద్దాయన బయటికి వెళ్ళేవాడు. ఎక్కువలో ఎక్కువ 15 నుంచి 20 నిమిషాల నిరీక్షణ.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మిషెల్ మొదట తెలుసుకోదలచింది ఏ పిల్లవాడు మంచివాడు, ఏ పిల్లవాడు చెడ్డవాడు అని కాదు. ఎదురుచూపు ఎప్పుడు సులువవుతుంది, ఎప్పుడు కష్టమవుతుంది అన్నదే ఆయన ప్రశ్న. మిఠాయిని కళ్ళ ముందు నుంచి తీసేస్తే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. ఆడుకునే విషయాలేవైనా ఆలోచించుకోమంటే ఇంకా ఆగారు. మిఠాయి రుచిని తలచుకోమంటే ఆగలేకపోయారు. అంటే ఆగడం అనేది పుట్టుకతో నుదుట రాసి ఉన్న కొలత కాదు, ఉపాయం చెబితే అదే పిల్లవాడు ఆగగలడు అని ఆ ప్రయోగాలు తెలిపాయి. మన చెవికి చేరేలోగా ఈ సగం ఎక్కడో జారిపోయింది. భయపెట్టే సగం మాత్రమే మిగిలింది.

ఆ రెండో సగం ఎలా వచ్చిందంటే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో మిషెల్ బృందం వాకబు చేసి 1990లో ఒక వ్యాసం ప్రచురించింది. మొదట పరీక్షలో పాల్గొన్నవారు 653 మంది. వారిలో 185 మంది గురించే సమాచారం అందింది. కాలేజీ ప్రవేశ పరీక్షలో వచ్చిన మార్కులకూ చిన్ననాటి నిరీక్షణకూ గట్టి సంబంధం కనిపించింది ఎంతమందిలోనో తెలుసా? మిఠాయి కళ్ళెదుటే ఉండి, ఏ ఉపాయమూ చెప్పకుండా కూర్చోబెట్టిన పిల్లల్లో, మార్కులు తెలిసిన 35 మందిలో.

ముప్పై అయిదు మంది! వాళ్ళూ ఎక్కువగా ఒక ప్రఖ్యాత విశ్వవిద్యాలయంలో పనిచేసేవారి, చదువుకునేవారి పిల్లలు. సంఖ్య చిన్నది కనుక ఈ సంబంధం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తూ ఉండవచ్చునని వ్యాసకర్తలే హెచ్చరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే రచయిత భావోద్వేగాల గురించి రాసిన పుస్తకం దేశదేశాల్లో అమ్ముడుపోయి, ఈ ప్రయోగాన్ని ఇంటింటికీ చేర్చింది. పుస్తకం నుంచి పత్రికకు, పత్రిక నుంచి నాకు, నా నుంచి ఆ తల్లికి, ఆ తల్లి నుంచి అయిదేళ్ళ పిల్లవాడి నెత్తి మీదికి. హెచ్చరిక మాత్రం వ్యాసంలోనే ఉండిపోయింది.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావొనాన్ క్వాన్ అనే పరిశోధకులు 900 మందికి పైగా పిల్లల సమాచారంతో దీన్ని మళ్ళీ పరిశీలించారు. తల్లులు కాలేజీ చదువు పూర్తిచేయని పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. వారికి కనిపించిన సంబంధం మొదటిదానిలో సగమే. కుటుంబ పరిస్థితి, ఇంటి వాతావరణం, పిల్లవాడికి అప్పటికే ఉన్న తెలివితేటలు లెక్కలోకి తీసుకునేసరికి ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. ఇక బింగ్ స్కూలు పిల్లలే నడివయసుకు వచ్చాక వారి ఆస్తిపాస్తులు, చదువులు, ఆరోగ్యం లెక్కవేసి 2020లో మరో వ్యాసం వచ్చింది. చిన్ననాడు మిఠాయి ముందు ఎంతసేపు ఆగారన్న ఒక్క విషయాన్ని బట్టి వీటిని చెప్పలేమని అందులో తేలింది. 2018లో మరణించిన మిషెల్ కూడా ఆ పరిశోధన బృందంలో ఒకరు. తన పేరును లోకానికి చాటిన మాటను తానే మళ్ళీ పరీక్షకు పెట్టడం చిన్న విషయం కాదు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

మాట ఇచ్చింది ఎవరు?

ఈ ప్రయోగం వెనుక ఎవరూ పైకి చెప్పని ఒక ఊహ ఉంది. "రెండోది తెచ్చి ఇస్తాను" అన్న పెద్దమనిషి నిజంగానే తెస్తాడని పిల్లవాడు నమ్ముతున్నాడన్నదే ఆ ఊహ. నమ్మకపోతే? అప్పుడు ముందున్నదాన్ని తినేయడం సహనం లేకపోవడం కాదు, బుద్ధి ఉండటం.

సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు ఇల్లులేని కుటుంబాల ఆశ్రయ గృహంలో స్వచ్ఛందంగా పనిచేశారు. అక్కడి పిల్లలు ఈ పరీక్షలో ఏం చేస్తారన్న ఆలోచన ఆమెకు అక్కడే వచ్చింది. చేతిలో ఉన్నది మరుక్షణం ఎవరు లాక్కుంటారో తెలియని పిల్లలు వాళ్ళు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి ఆమె, ఆమె సహచరులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. 28 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. బొమ్మలు వేసుకోవడానికి మంచి రంగులు తెస్తానని, మంచి స్టిక్కర్లు తెస్తానని ఒక పెద్దమనిషి ఇరు జట్లకూ మాట ఇచ్చాడు. ఒక జట్టుకు మాట ప్రకారం తెచ్చాడు. రెండో జట్టు దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చి, "క్షమించు, లేవట" అన్నాడు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవారు 3 నిమిషాలు. మొదటి జట్టులోని 14 మందిలో 9 మంది పూర్తిగా 15 నిమిషాలూ ఆగారు, రెండో జట్టులో ఒక్కరే ఆగారు.

28 మంది కూడా తక్కువే కదా అని మీరు అడగవచ్చు. అడగాలి. 35 మందిని ప్రశ్నించినవాడు 28 మందిని ప్రశ్నించకుండా వదిలేస్తే అది న్యాయం కాదు. అయితే ఇక్కడ తేడా చాలా పెద్దగా, స్పష్టంగా ఉంది. పైగా మిషెల్ కూడా అంతకు చాలా ఏళ్ళ ముందు ట్రినిడాడ్ ద్వీపంలో పిల్లలను పరిశీలించినప్పుడు, మాట ఇచ్చినవారిపై నమ్మకం అన్న అంశాన్ని గుర్తించారు.

ఈ ప్రయోగం గురించి చదువుతుంటే నాకు సుననె అబూ దావూద్‌లోని ఒక హదీసు గుర్తుకొచ్చింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన చిన్ననాటి సంగతి చెప్పారు. దైవప్రవక్త (స) వారి ఇంట్లో కూర్చుని ఉండగా తల్లి ఆయన్ను పిలిచింది: ఇలా రా, నీకొకటి ఇస్తాను అని. ఏమిద్దామనుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన (స) తెలిపారు. దీని సనద్‌లో పేరు చెప్పని ఒక ఉల్లేఖకుడున్నాడు. అయితే ఇదే భావంతో మరో ఉల్లేఖన బలం చేకూర్చడం వల్ల షేఖ్ అల్బానీ (రహ్మలై) దీన్ని ‘హసన్’గా లెక్కించారు. ప్రవక్త (స) ఆ ఇంట్లో పరీక్షించింది పిల్లవాడి సహనాన్ని కాదు, పెద్దవారి మాటను.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర

ఇంకో ఊహ: స్టాన్‌ఫర్డ్ పిల్లలు ఎలాగో లోకంలోని పిల్లలందరూ అలాగే. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్సో అనే వ్యవసాయ కుటుంబాల నాలుగేళ్ళ పిల్లలనూ, జర్మనీ పట్టణాల మధ్యతరగతి పిల్లలనూ పోల్చిన అధ్యయనం ఒకటుంది. న్సో పిల్లల్లో దాదాపు 70 శాతం మంది చివరిదాకా ఆగారు. జర్మన్ పిల్లల్లో 28 శాతమే. 2022లో జపాన్, అమెరికా పిల్లలను పోల్చిన పరిశోధన మరీ ఆసక్తికరం. తినుబండారం ముందు పెడితే జపాన్ పిల్లలు ఎక్కువసేపు ఆగారు. కాగితం చుట్టిన కానుక ముందు పెడితే అమెరికా పిల్లలు ఎక్కువసేపు ఆగారు. జపాన్‌లో అందరూ కూర్చున్నాకే భోజనం మొదలుపెట్టడం అలవాటు. అమెరికాలో పండుగ వచ్చేదాకా, పుట్టినరోజు వేళ అయ్యేదాకా కానుక విప్పకుండా ఉండటం అలవాటు. ఎవరికి ఏది నేర్పారో వారు దాని దగ్గర ఆగారు.

మనకు జపాన్ దాకా వెళ్ళే అవసరం లేదు. రమజాన్‌లో సాయంత్రం మీ దస్తర్‌ఖాన్ చూడండి. ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, షర్బత్, సమోసాలు పరచి ఉంటాయి. రోజా లేని అయిదేళ్ళ పిల్లవాడు కూడా అందరితోపాటు కూర్చుని, మగ్రిబ్ అజాన్ కోసం చెవులు రిక్కించి ఉంటాడు. వాడిని ఎవరూ పట్టుకోలేదు. రెండు ఖర్జూరాలు ఇస్తామని ఆశ పెట్టలేదు. నాన్న ఆగాడు, దాదీ ఆగింది, అక్క ఆగింది, వాడూ ఆగుతాడు. అదే పిల్లవాణ్ణి ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి లడ్డూ పెడితే క్షణంలో తినేస్తాడు. వీటిలో వాడి అసలు స్వభావం ఏది? ఈ ప్రశ్నే సరికాదని నేననుకుంటాను.

మనిషి తొందరపాటుతో సృష్టించబడ్డాడని ఖుర్ఆన్ చెబుతోంది (అంబియా: 37). తొందర మీ అబ్బాయి ఒక్కడి జబ్బు కాదు. సహనంగా ఉండటానికి ప్రయత్నించేవారికి అల్లాహ్ సహనం ప్రసాదిస్తాడని సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతోంది. అంటే అది అభ్యాసంతో వచ్చేది, దుఆతో దొరికేది. అసలు రెండో మిఠాయి కోసం మొదటిదాన్ని ఆపుకోవడాన్ని సబ్ర్ అనవచ్చా అన్నది కూడా ఆలోచించవలసిందే. విధేయతలో నిలకడ, పాపం నుంచి నిగ్రహం, ఆపదలో ఓర్పు అని ఉలమా సబ్ర్‌ను మూడు విధాలుగా వివరించారు. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఎక్కువ లాభం కోసం ఆగడం వ్యాపారి లెక్క కూడా కావచ్చు. పరిశోధకులు కొలిచింది నిమిషాలను. దానికి సబ్ర్ అని పేరు పెట్టింది నేను.

సనద్ అడగడం

ఇది ఒక్క ప్రయోగం కథ కాదు. మనస్తత్వశాస్త్రంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను ఒక పెద్ద పరిశోధక బృందం మళ్ళీ చేసి చూసి, 2015లో ఫలితాలు వెల్లడించింది. మొదటి ఫలితం మళ్ళీ వచ్చింది మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ అధ్యయనాల్లోనే. అంతకు ముందు 2010లో కెనడాకు చెందిన ముగ్గురు పరిశోధకులు మరో లోపాన్ని ఎత్తిచూపారు. ప్రముఖ పత్రికల్లోని ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం మంది పాశ్చాత్య సంపన్న దేశాలవారేననీ, ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో 12 శాతమేననీ వారు ప్రస్తావించారు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లోనే జరిగిన ‘జైలు ప్రయోగం’ గురించి కూడా మీరు వినే ఉంటారు. అధికారం చేతికిస్తే మామూలు మనిషి దానంతట తానే క్రూరుడవుతాడని దాన్ని ఉదహరిస్తుంటారు. కఠినంగా ఉండమని కాపలాదారులను నిర్వాహకులే ప్రోత్సహించారని, దాచి ఉంచిన రికార్డులు పరిశీలించినవారు 2018, 2019లలో చూపించారు. ఇక నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ అనే ప్రొఫెసర్ చేయని ప్రయోగాలకు లెక్కలు కల్పించి రాశాడని 2011లో బయటపడింది. 50కి పైగా వ్యాసాలను పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. హదీసు పరిభాషలో చెప్పాలంటే అవి ‘మౌజూ’, కల్పితాలు.

మన ముహద్దిసీన్ ఉల్లేఖకుడు సత్యవంతుడా అని మాత్రమే చూడలేదు. సత్యవంతుడే, కాని జ్ఞాపకం బలహీనం అయితే ఆ హదీసు స్థాయి తగ్గించారు. ఒక్కడే చెబుతున్నాడా, ఇంకెవరైనా చెప్పారా, అతనికంటే నమ్మకస్తులు దానికి విరుద్ధంగా చెప్పారా అని చూశారు. ఈ పోలికను మరీ సాగదీయకూడదు. విన్న మాటను పరిశీలించడం వేరు, ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడటం వేరు. కాని ప్రశ్నలు అడిగే అలవాటు ఒక్కటే. చెప్పినవారు ఎవరు? ఎంతమందిని చూశారు? వాళ్ళు ఎక్కడివారు? మళ్ళీ చేస్తే అదే వచ్చిందా? కొలిచింది ఒకటి, పేరు పెట్టింది మరొకటి కాదు కదా?

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. ఒకటి, ఈ లోపాలను బయటపెట్టింది మనం కాదు, ఆ శాస్త్రంలోని పరిశోధకులే. "చూశారా, సైన్సంతా బూటకం" అని మన ఖుత్బాల్లో గర్వపడటానికి ఇందులో ఏమీ లేదు. ఇంట్లో ఎవరికైనా మనోవ్యాధి ఉంటే ఈ వ్యాసం చూపించి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి, వేసుకుంటున్న మందులు ఆపకండి. అలా చేస్తే ఆ పాపంలో నాకు భాగం కల్పించినవారవుతారు. వ్యాధికి వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆజ్ఞ.

రెండవది, మనకు నచ్చిన పరిశోధనల సంగతి. ఉపవాసం వల్ల ఫలానా లాభం, సజ్దా వల్ల మెదడుకు ఫలానా మేలు అని ఒక వార్త వస్తే, దాని మూలం అడగకుండానే మింబర్ ఎక్కిస్తాం. నచ్చని పరిశోధన వస్తే మాత్రం వంద ప్రశ్నలు. తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించే వారి గురించి ముతఫ్ఫిఫీన్ సూరా మొదట్లో ఏముందో మనకు తెలుసు. అది తరాజుకే పరిమితమని నాకు అనిపించదు.

నేను ఆ తర్వాతి దర్స్‌లోనే నా మాటను వెనక్కి తీసుకున్నాను. కొందరు నవ్వారు, కొందరికి మొదటి కథే బాగుందట. ఆ తల్లికి అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) హదీసు వినిపించి, ఎవరినీ చెడ్డపేర్లతో పిలవకూడదన్న హుజురాత్ 11వ ఆయత్ గుర్తుచేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వాడికి చిన్న సైకిల్ కొనిస్తామని చెప్పి రెండు ఈదులు దాటించామండీ" అంది.

సైకిల్ సంగతి తన భర్తతో మాట్లాడతానంది. పేరు సంగతే కష్టమట. వాడిని ‘బేసబ్రా’ అని మొదట పిలిచింది వాళ్ళ దాదీ. ఆ పెద్దామెకు కోడలు చెబితే బాగుండదు. సరే, ఆమెకు నేనే చెబుతానన్నాను.